మా ఫౌజీల సంఘం పుట్టిన వార్డు

మా సంఘం ఎప్పుడు పెట్టిన్రు, ఎవరు పెట్టిన్రు అని కొత్తగ వచ్చినోళ్లు అడుగుతరు. రిబ్బన్ కత్తిరించిన రోజు ఒకటుంటే చెప్పొచ్చు. మాకట్ల లేదు. పక్షవాతం వచ్చిన ఒక మనిషి పక్కన ఎవరో ఒకరం కూర్చోవాల్సి వచ్చింది. అట్ల కూర్చున్నోళ్లమే సంఘమైనం. ఆ మనిషి నాకు కనపడ్డ రోజు నుంచి చెప్తే గాని ఇది అర్థం కాదు.

నేను సైన్యంలో పదిహేడేండ్లు నర్సింగ్ అసిస్టెంటుగ చేసిన. హవల్దారుగ పింఛన్ వచ్చినంక రెండేండ్లు ఊర్లె ఉండి చూసిన. ఇరవై మంది నడుమ బతికినోనికి ఇంట్ల ఒక్కని మంచం మీద నిద్ర పట్టకపోయేది. మా నిర్మల్ దిక్కు ఇంటికొకరన్న గల్ఫ్‌లో ఉంటరు. నేనూ మస్కట్ విమానం ఎక్కిన. రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ రూమ్ నా డ్యూటీ. ఎవరికి వేలు తెగినా, కంట్లో ఇనుప రజను పడ్డా, ఎండకు కండ్లు తిరిగినా ముందుగాల నా దగ్గరికే వస్తరు.

ఆ రోజుల్లో ఇక్కడ నాకు తెలిసిన ఫౌజీ ఒక్కడే. కడప ఆయన, ముస్లిం, సుబేదారుగ రిటైరై ఒక కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసరుగ చేస్తుండె. దార్సైట్‌లో భార్యతోని ఉంటుండె. ఆయన్ని ఒక కిరాణా దుకాణం లైన్లో చూసి గుర్తుపట్టిన. అందరూ ఫోన్లు చూసుకుంట ఒంటికాలి మీద బరువేసి నిలబడ్డరు. ఆయన ఒక్కడే చేతులు వెనక కట్టి, కాళ్లు ఎడంగ పెట్టి, పరేడ్‌లో విశ్రామ్ చెప్పినట్టు నిలబడి ఉన్నడు. పక్కకు పోయి మెల్లగ, “ఏ రెజిమెంట్ సాబ్?” అన్న.

ఆయన తల తిప్పకుంటనే నవ్విండు. “ముందు నీది చెప్పప్పా” అన్నడు.

అప్పటి నుంచి నెలకొక శుక్రవారం వాళ్లింటికి పోతుంటి. సాబ్ భార్యను నేను భాభీ అంట. ఆమె కుష్కా, దాల్చా చేసి పెట్టేది. తిని, చాయ్ తాగి, మంచు పోస్టుల ముచ్చట్లు చెప్పుకొని వస్తుంటి. అప్పటికి మేమిద్దరమే.

ఒకనాడు మా ఫ్యాక్టరీలో ఒక వెల్డర్‌కు అరచెయ్యి కోసుకపోతే, కుట్లు వేయించడానికి ఒక పెద్ద దవాఖానకు తీస్కపోయిన. అక్కడ డ్యూటీలో ఉన్న నర్సు కేరళ ఆమె. నేను కట్టిన కట్టు విప్పబోయి ఆగింది.

“ఈ కట్టు ఎవరు కట్టిన్రు?” అని హిందీలో అడిగింది.

“నేనే సిస్టర్.”

“మీరు ఆర్మీలో చేసిన్రా?”

అవునన్న. ఆమె నా మొఖం దిక్కు కొంచెంసేపు చూసి, “ఈయనకు కుట్లు పడేలోపల ఒకసారి పైవార్డుకు వస్తరా? అక్కడ ఒక మనిషి ఉన్నడు. మన దేశపాయన లెక్కనే ఉన్నడు. పన్నెండు రోజులైంది. అంకెలు తప్ప ఏం చెప్పడు” అన్నది.

మెట్లెక్కుకుంట సంగతి చెప్పింది. అల్ హైల్‌లో ఒక వర్క్‌షాపు ముందు పడిపోయి ఉంటే ఎవరో టాక్సీలో తెచ్చి దింపి పోయిన్రట. జేబులో బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు లేదు, ఫోన్ లేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట పోయింది. పోలీసులు వేలిముద్రలు తీస్కపోయిన్రు, జవాబు ఇంకా రాలేదు. ఆయన చెప్పే అంకెలు ఫోన్ నంబర్ అనుకొని వార్డులో నర్సులందరూ తలా ఒకసారి కలిపి చూసిన్రట. ముందు ఒమన్ కోడ్ పెట్టిన్రు, తర్వాత ఇండియా కోడ్ పెట్టిన్రు, ఒకరు శ్రీలంక కోడ్ కూడ పెట్టి చూసిన్రు. ఎక్కడా తగల్లేదు.

కిటికీ పక్క మంచం. యాభై దాటిన మనిషి. గడ్డం మాసి ఉన్నది. ఎడమ చెయ్యి దుప్పటి మీద పెట్టుకొని పైకి చూస్తున్నడు. నర్సు దగ్గరికి పోయి, “నంబర్ చెప్పండి” అన్నది. ఆయన పెదవులు కదిలినయి. హిందీలో, ఒక్కొక్క అంకె, నడుమ ఒకచోట చిన్నగ ఆగుడు, మళ్లీ అంకెలు. చివర్న ఒక ఇంగ్లిష్ అక్షరం.

ఆ అక్షరం వినంగనే నాకు అర్థమైంది. ఫోన్ నంబర్లకు చివర్న అక్షరం ఉండదు. జవాన్ నంబర్‌కు ఉంటది. సైన్యంలో చేరిన మొదటి వారం అది మా నోట్లో పోస్తరు. ఉత్తరం మీద, పెట్టె మీద, పళ్లెం అడుగున, అంతటా అదే. పేరు మరిచిపోయినా అది మరిచిపోరని మాకు ట్రైనింగ్ ఇచ్చిన ఉస్తాద్ అంటుండె. నిజంగ అట్ల అయిన మనిషిని నేను అప్పటిదాక చూడలేదు.

మంచం కాళ్ల దగ్గర నిలబడి, నాకు తెల్వకుంటనే మడమలు కలిపి, “నంబర్, రాంక్, నామ్?” అని అడిగిన.

ఆయన చూపు పైకప్పు మీదికెల్లి దిగి నా మీదికొచ్చింది. నంబర్ మొత్తం చెప్పిండు. ఈసారి గట్టిగ. “నాయక్” అన్నడు. అది ఆయన రాంకు. తర్వాత పేరు చెప్పడానికి నోరు తెరిచిండు. రాలేదు. మళ్లీ ప్రయత్నం చేసిండు. రాలేదు. ఎడమ కంట్లోంచి నీళ్లు చెవి దిక్కు కారినయి. నేను పోయి తుడిచి, “బస్ ఉస్తాద్, బస్. మిల్ గయా. నంబర్ మిల్ గయా” అన్న.

నంబర్‌ను బట్టి ఇంజనీర్ల దళం మనిషని నాకు అందాజు అయింది. కాగితం మీద రాసుకొని కిందికి దిగంగనే సాబ్‌కు ఫోన్ చేసిన. అంతా విని ఆయన ఒక్కటే అడిగిండు. “గడ్డం గీకినావా ఆయప్పకు?”

“లేదు సాబ్. ఇప్పుడే చూసిన.”

“ముందు ఆ పని చూడప్పా. నంబర్ సంగతి నేను చూస్తా.”

ఆ సాయంత్రం డ్యూటీ దిగినంక రేజర్, సబ్బు కొనుక్కొని పోయిన. గడ్డం గీసినంక ఆయన ఎడమ చేత్తో చెంప తడుముకొని చూసుకున్నడు. దవడ కింద ఒకచోట మిగిలితే వేలు పెట్టి చూపించిండు. అది కూడ గీసిన. అప్పుడు కండ్లు మూసుకున్నడు.

సాబ్ ఇండియాలో తన పాత దోస్తులకు వరుసగ ఫోన్లు చేసిండు. ఒకరు ఇంకొకరి నంబర్ ఇచ్చిన్రు, ఆ ఇంకొకరు రికార్డ్స్ ఆఫీసులో చేసి రిటైరైనాయన పేరు చెప్పిన్రు. ఇక్కడ ఎంబసీలో కూడ సంగతి చెప్పి పెట్టిండు. జవాబు వచ్చేదాక ఆయన్ని ఒంటరిగ వదలొద్దని మా ఇద్దరికీ అనిపించింది. వార్డులో నర్సులు బాగనే చూస్తుండిరి గాని, వాళ్లకు నలభై మంచాలు. నేను సాయంత్రం పోతుంటి, సాబ్ పొద్దున డ్యూటీ ఎక్కేముందు పోతుండె. నడుమ ఖాళీ. సాబ్ తన కంపెనీలో డ్రైవర్‌గ చేసే ఒక పంజాబీ మాజీ సిపాయికి చెప్పిండు. ఆయన ఇంకొకాయన్ని తీస్కొచ్చిండు. నౌకాదళంలో వంట చేసి రిటైరైన తమిళాయన. వారం తిరిగేసరికి ఇంకో ఇద్దరు కలిసి ఆరుగురమైనం. సాబ్ ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి డ్యూటీ చార్ట్ రాసిండు. ఎవరు ఎన్నింటికి, ఎవరి తర్వాత ఎవరు. కింద సంతకం కూడ పెట్టిండు. అది చూసి పంజాబీ డ్రైవర్, “సాబ్, ఇరవయ్యేండ్లయింది గార్డ్ డ్యూటీలో నా పేరు పడి” అని మురిసిపోయిండు.

మేమందరం ఆ మనిషితోని హిందీలోనే మాట్లాడుతుంటిమి. అంకెలు హిందీలో చెప్పిండు కాబట్టి ఏ ఉత్తరాది ఆయనో అనుకున్నం. నేను రోజూ ఆయన కాలు వంచి చాపుకుంట, “ఏక్, దో, తీన్” అని లెక్కపెడుతుంటి. ఆయన విన్నట్టే ఉండేటోడు. కాని నా మొఖం దిక్కు చూసేటోడు కాదు.

తొమ్మిదో రోజు ఫ్యాక్టరీలో ఉండంగ సాబ్ ఫోన్ వచ్చింది.

“పేరు దొరికింది. ఊరు దొరికింది” అన్నడు. “తెలుగాయనప్పా. శ్రీకాకుళం జిల్లా.”

తొమ్మిది రోజులు. ఒకే భాష మనుషులం ఒకరి పక్కన ఒకరం కూర్చొని, నేను ఆయనకు పరాయి మాటలు వినిపిస్తున్న. సూపర్‌వైజర్‌కు చెప్పి ఆ రోజు గంట ముందే బయటపడ్డ.

మంచం పక్కన స్టూల్ గుంజుకొని కూర్చున్న. ఆయన కిటికీ దిక్కు చూస్తున్నడు. “అన్నా” అన్న. “మనది కూడ తెలుగే. నాది నిర్మల్. నీది శ్రీకాకుళమట గదా.”

ఆయన తల గిర్రున ఇటు తిప్పిండు. నా మొఖమంత వెతికిండు. పెదవి ఒకదిక్కు వంకర పోయి, గొంతులోంచి మెల్లగ ఒక మాట వచ్చింది.

“ఏటీ?”

నంబర్, రాంకు కాకుండ నేను ఆయన నోట విన్న మొదటి మాట అది. నేను నవ్విననో, ఏడ్చిననో నాకే తెల్వదు. “ఏటంటే ఏం చెప్పాలె అన్నా. నీ పేరు దొరికింది” అని ఆయన పేరు చెప్పిన. ఆయన వింటున్నడు. ఇంకోసారి చెప్పమన్నట్టు తల ఊపిండు. ఇంకోసారి చెప్పిన. అట్ల నాలుగైదు సార్లు చెప్పించుకున్నడు.

మరుసటి రోజు వాళ్లింటి ఫోన్ నంబర్ కూడ వచ్చింది. చేస్తే ఆయన భార్య ఎత్తింది. నేనెవరో, ఎక్కడ్నుంచి మాట్లాడుతున్ననో చెప్పిన.

“బాబూ, ఎనిమిది నెలలై ఫోన్ రాలేదు. మా ఆయన బతికున్నాడా?”

“ఉన్నడమ్మా. మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. మనిషి ఉన్నడు. మనం చెప్పేది వింటడు.”

“అయితే సెవికాడ ఎట్టండి.”

పెట్టిన. ఆమె గొంతు పెద్దది, నాకూ వినపడుతున్నది. ఎనిమిది నెలల నుంచి ఎందుకు ఫోన్ చెయ్యలేదని గాని, ఎక్కడ తిరిగినవని గాని అడుగుతదేమో అనుకున్న. అడగలేదు.

“ఇదిగో, ఇనబడతందా? గేదె ఈనింది. పెయ్య పుట్టింది. సిన్నదానికి ఇంటర్‌లో ఫస్ట్ క్లాసొచ్చింది. నువ్వేసిన పనస మొక్క సచ్చిపోద్దనుకున్నాను, బతికేసింది. మీ అప్పకీ బావకీ మోకాలు నొప్పులు. ఏటీ, మాటాడవేటి?”

నేను ఫోన్ తీసుకొని మళ్లీ చెప్పిన, ఆయన మాట్లాడలేడమ్మా అని.

“పర్లేదు బాబూ” అన్నది ఆమె. “ముందు మాత్రం ఏపాటి మాటాడీవోడు? నేను మాటాడతాను, ఆయన ఇంటాడు. మాకది అలవాటే. ఎట్టండి మళ్లీ.”

ఆయన సంగతి తర్వాత కొంచెం కొంచెం తెలిసింది. సైన్యం నుంచి వచ్చినంక ఒక కంపెనీలో మెషిన్ నడపడానికి ఒమన్ వచ్చిండు. ఆ కంపెనీ మూతపడ్డది. అందరితోని ఇంటికి పోకుండ ఇక్కడే ఉండి, వర్క్‌షాపుల్లో రోజుకూలి చేసుకున్నడు. కాగితాల్లేకుండ ఉండేటోళ్లను ఇక్కడ ఖల్లివల్లి అంటరు. భార్య పోవద్దన్నా వినకుండ వచ్చిండట. అందుకే ఉత్త చేతులతోని తిరిగిపోవుడు కష్టమైందో, ఇంకేం మనసులో పెట్టుకున్నడో. ఎందుకు ఫోన్ చెయ్యలేదో ఆయన చెప్పలేడు. మేం అడగలేదు.

ఇంటికి పంపాలంటే కాగితాల్లేనోళ్లకు ఇచ్చే ఔట్‌పాస్ కావాలె. సాబ్ ఫైలు పట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగిండు. ఒకచోట కౌంటర్‌లో ఒమనీ ఆయన, తెల్ల గడ్డం పెద్దమనిషి, కాగితాలు చూడకముందే సాబ్ నిలబడ్డ తీరు చూసిండు. “అస్కరీ?” అని అడిగిండు. సైనికుడివా అని. సాబ్ అవునని, రిటైరైననని, ఈ కాగితం మీది మనిషి కూడ సైనికుడేనని తనకొచ్చిన అరబీలో చెప్పిండు. ఆ పెద్దమనిషి తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని, “నేను కూడ” అన్నడట. లేచి వచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఏ కాగితం ఎక్కడ ఇయ్యాలెనో తన చేత్తో రాసిచ్చిండట. సాబ్ ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పిండో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా కుర్చీ సంగతి కాడ లేచి నిలబడుతడు.

ఆయన్ని తీస్కపోయేందుకు నా సంవత్సరం సెలవు ముందుకు జరుపుకున్న. పోయే రోజు ఆరుగురం వార్డుకు వచ్చినం. తమిళాయన కొత్త చొక్కా తెచ్చిండు. భాభీ ఆయన భార్యకని ఖర్జూరాలు, ఒక శాలువా పంపింది. కేరళ సిస్టర్ ఆ రోజు డ్యూటీ కాకపోయినా వచ్చి, మందులు ఏ పూట ఏవి వేయాలెనో నాతోని రెండుసార్లు అప్పజెప్పించుకున్నది. విమానం లేస్తుంటే ఆయన ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నడు. పైకి పోయి నిలకడైనంక కూడ వదల్లేదు. అన్నం వచ్చినప్పుడు నేనూ ఒక చేత్తోనే తిన్న.

విశాఖపట్నంలో బయటికి రాంగనే ఆమెను గుర్తుపట్టిన. చిన్న మనిషి. అన్నదమ్ములు, బిడ్డలు ఏడుస్తుంటే వాళ్లను పక్కకు జరిపి, చక్రాల కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నది. పడిపోయిన చెయ్యి తన చేతుల్లోకి తీసుకొని వేళ్లు ఒక్కొక్కటి విప్పి చూసింది.

“గోళ్లెవలు తీసినారు?” అని తలెత్తకుండ అడిగింది.

“నేనే వదినా.”

“బాగా తీసినారు” అన్నది. అప్పుడు ఏడ్చింది.

ఆయన ఇప్పటికీ ఉన్నడు. కర్ర పట్టుకొని ఇంట్ల నడుస్తడు. మాటలు ఒక ఇరవై దాక వచ్చినయట. అందులో భార్య పేరు ఉన్నదని ఆమె ఫోన్‌లో చెప్పుకుంట సిగ్గుపడ్డది.

సెలవు అయిపోయి మస్కట్ తిరిగొచ్చిన మొదటి శుక్రవారం దార్సైట్‌లో సాబ్ ఇంటికి పోతే, మిగిలిన ఐదుగురూ అక్కడే ఉన్నరు. వార్డు డ్యూటీ అయిపోయింది గాని కలిసే అలవాటు పోలేదు, అప్పటి నుంచి ప్రతి శుక్రవారం కలుస్తున్నం. పంజాబీ ఆయన, “ఇంకా ఇసొంటోళ్లు ఎందరున్నరో సాబ్” అన్నడు. ఆ మాట మీద వెతుకుడు మొదలైంది. సైట్లలో, లేబర్ క్యాంపుల్లో, సెక్యూరిటీ గదుల్లో మాజీ ఫౌజీలను అడిగి అడిగి పట్టుకున్నం. ప్రతి మనిషి సైన్యం నంబర్, ఇంటి ఫోన్, రక్తం గ్రూపు ఒక పుస్తకంలో రాసుకున్నం. ఇక్కడ సంఘమని బోర్డు పెట్టాలంటే పర్మిషన్లు కావాలె. మేం బోర్డు పెట్టలేదు. ఎంబసీ వాళ్లకు మేమున్నమని తెలుసు. ఎవరన్న మాజీ సైనికుడు కష్టంలో ఉంటే సాబ్‌కు ఫోన్ వస్తది.

మనుషులు పెరిగినంక మాటలు కూడ పెరిగినయి. ఎయిర్‌ఫోర్స్‌లో వారంట్ ఆఫీసరుగ రిటైరైన హైదరాబాద్ ఆయన ఒకరు చేరిన్రు. మంచి ఉద్యోగం, ఇస్త్రీ మడత నలగని బట్టలు. మా కూడిక ఆయనకు పద్ధతిగ అనిపించలేదు. “అందరికీ ఒక బ్లేజర్, జేబు మీద బ్యాడ్జి ఉండాలండీ. ప్రెసిడెంటు, సెక్రటరీ ఉండాలి. లేకపోతే మనల్ని ఎవరు గుర్తిస్తారు?” అన్నడు. కొందరు సరే అన్నరు, కొందరు ఈ ఎండలో బ్లేజరేందని నవ్విన్రు. గొంతులు పెరిగినయి. భాభీ చాయ్ తెచ్చి గడపలోనే ఆగిపోయింది.

సాబ్ అందరినీ మాట్లాడనిచ్చి, చివరికి ఆయన దిక్కు తిరిగి, “బ్లేజర్ వద్దనడంల్యా సార్. కుట్టించుకుందాం. మనల్ని వేరేవాళ్లు గుర్తించేది తర్వాత చూస్తాం. ముందు మన మనిషి ఒకడు రాకపోతే మనం గుర్తించాల గదా” అన్నడు.

అదే మా మొదటి నియమమైంది. చెప్పకుండ రెండు శుక్రవారాలు ఎవరన్న రాకపోతే, మూడో శుక్రవారం ఇద్దరు వాళ్ల రూమ్‌కు పోవాలె. ఎవరు పోవాలెనో చార్ట్ ఉంటది.

ఆ చార్ట్‌లో ఒకసారి నాకూ ఆ వారంట్ ఆఫీసర్ సారుకూ కలిపి పేర్లు పడ్డయి. పోవాల్సింది అల్ హైల్‌లో ఉండే మా తమిళ వంటాయన దగ్గరికి. రెండు వారాల నుంచి రాలేదు, ఫోన్ తగుల్తలేదు. సారు తన కార్లోనే తీస్కపోయిండు. నాకు లోపల పాత వార్డే మెదులుతున్నది. మెట్లెక్కి తలుపు కొట్టినం. లోపల్నుంచి సప్పుడు లేదు. మళ్లీ కొట్టినం. మూడోసారి సారు రెండు చేతులతోని కొట్టిండు.

వంటాయన లుంగీ సదురుకుంట, నిద్ర కండ్లతోని తలుపు తీసిండు. ఫోన్ బట్టల బకెట్లో పడి చెడిపోయిందట. హోటల్‌లో మనిషి తక్కువై శుక్రవారాలు కూడ డ్యూటీ వేసిన్రట. “ఏమైంది, ఎందుకొచ్చిన్రు?” అని మమ్మల్నే భయంగ అడిగిండు. ఏం కాలేదన్నం. కూర్చోమని, నానబెట్టిన పప్పు రుబ్బి వడలు వేసిండు. సారు ఇస్త్రీ ప్యాంటుతోనే కింద చాప మీద కూర్చొని ఐదు తిన్నడు.

తిరిగొచ్చేటప్పుడు దార్సైట్ సిగ్నల్ దగ్గర కారు ఆగింది. సారు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని ముందుకే చూస్తున్నడు.

“నాది మూడో అంతస్తండీ” అన్నడు. “లిఫ్ట్ పనిచెయ్యదు. తలుపు మీద బెల్ కూడా సరిగ్గా మోగదు. ఒక్కణ్ణే ఉంటాను.”

సరే సార్ అన్న. పుస్తకంలో రాసుకుంటనన్న.

“మామూలుగా చెప్తున్నానంతే” అన్నడు. సిగ్నల్ పచ్చగ మారింది.